సంగమ్మ అరికాలికి ప్రారంభోత్సవం

జహీరాబాద్‌లో ఇకపై ఏ అరికాలూ నొప్పితో నేల తాకదని మంత్రిగారు ప్రెస్ మీట్‌లో ప్రకటించారు. ప్రభుత్వ దవాఖానలో 'అరికాలి పులిపిర్ల నిర్మూలన కేంద్రం' పెడుతున్నామనీ, ద్రవ నైట్రోజన్ చల్లి పులిపిరిని గడ్డకట్టించి రాల్చే యంత్రం వస్తోందనీ చెప్పారు. ప్రజల పాదాల గురించి ఇంత లోతుగా ఆలోచించిన నాయకుడు అంతకుముందు ఎవరూ లేరు.

తొలి లబ్ధిదారుని వెతికే భాగ్యం పార్టీ పట్టణ అధ్యక్షుడు అమర్నాథ్‌కు దక్కింది. మొగుడంపల్లిలో అల్లం చేలకు కూలికి పోయే సంగమ్మ కుంటుతూ ఎదురైనప్పుడు ఆయన మనసు కరిగిపోయింది. ఫొటోకు అంతకన్నా మంచి కుంటుడు దొరకదు.

ఆమెను దవాఖానకు తీసుకుపోయాడు. చర్మ డాక్టరు నందిని పాదం చూసింది.

"ఇది ఆనెకాయ కాదమ్మా, పులిపిరి. రోజూ కాలు వేడి నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డ తోలు రుద్దేసి, ఈ యాసిడ్ మందు పెట్టుకో. కొన్ని వారాలు ఓపిక పట్టాలి."

అమర్నాథ్ మందు అందుకుని తన జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడే మందు పెడితే యంత్రం వచ్చినంక దేన్ని గడ్డకట్టిస్తది అక్కా? జర ఆగు."

"ఎన్నొద్దులు సారూ? అడుగేస్తే ముల్లు దిగినట్లుంది."

"వచ్చే సోమారమే. మంత్రిగారి మాట."

ఆ సోమవారం మంత్రిగారు ఢిల్లీలో ఉన్నారు. తర్వాత మూఢం వచ్చింది. మూఢం పోయాక యంత్రం వచ్చింది, నైట్రోజన్ రాలేదు. అయినా అమర్నాథ్ అధైర్యపడలేదు. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి పులిపిరి యోగక్షేమాలు కనుక్కునేవాడు.

"ఉన్నదా అక్కా?"

"ఉన్నది సారూ. కూలికి పోరాకుంట ఉన్నది."

"ఫికర్ చెయ్యకు. జాగ్రత్తగ చూసుకో దాన్ని."

మధ్యలో ఫ్లెక్సీల పనిలో పడి కొన్నాళ్లు ఫోన్ చేయలేకపోయాడు. చివరికి నైట్రోజన్ వచ్చింది, ముహూర్తం కుదిరింది. హైవే పొడవునా ఫ్లెక్సీలు లేచాయి. ఒక పక్క మంత్రిగారి చిరునవ్వు, ఇంకో పక్క సంగమ్మ అరికాలు. ఆ రోజు పొద్దున దవాఖానలో అమర్నాథ్ స్వయంగా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి పాదం ఎత్తి చూశాడు. అద్దంలా నున్నగా ఉంది.

"ఎటు పోయింది?"

"తెల్వది సారూ. నేనేం చెయ్యలే. మీరు చెప్పినట్లే ఊకున్న."

"కొందరికి మందు లేకుండానే పోతుంది. శరీరమే తరిమేస్తుంది," అంది నందిని.

"ప్రభుత్వానికి చెప్పకుండనా మేడం?" అమర్నాథ్ పాదాన్ని మళ్లీ అటూ ఇటూ తిప్పి చూశాడు. "పోనీ, ఏదో ఒక చోట జర చల్లుండ్రి. ఫొటో వరకే."

"మంచి చర్మం మీద చల్లితే బొబ్బలేస్తుంది."

"బొబ్బయితే ఫొటోల ఇంకా మంచిగ పడ్తది."

నందిని నైట్రోజన్ డబ్బాను లోపలి గదిలో పెట్టించి తాళం వేయించింది.

బయట సైరన్లు వినిపించాయి. పదవి పోయినట్టేననుకుంటూ అమర్నాథ్ మంత్రిగారి చెవిలో సంగతి ఊదాడు. మంత్రిగారు ఊరికే మంత్రి కాలేదు. రిబ్బన్ కత్తిరించి నేరుగా మైకు అందుకున్నారు.

"మిత్రులారా, ఈ కేంద్రం ఇంకా పని మొదలుపెట్టనే లేదు. యంత్రం పేరు విని పులిపిరి పారిపోయింది."

జనం చప్పట్లు కొట్టారు. అమర్నాథ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. మంత్రిగారు మైకును సంగమ్మ ముందుకు జరిపారు.

"నీ సంతోషం నాలుగు మాటల్లో చెప్పమ్మా."

సంగమ్మ కొంగు సర్దుకుంది.

"నాది పోయింది సారూ. అయితే అందరం ఒక్కకాడనే తానం చేస్తం గద, ఆ తడి నేల మీద కోడలికి అంటుకున్నది. పక్కింటోళ్లకు గూడ వచ్చింది. అందరు కుంటుకుంటనే వచ్చిన్రు. అగో, ఎనక నిలవడ్డరు. వాళ్లకన్న ఇయ్యాల మందిస్తరా?"

జనం తలలు వెనక్కి తిప్పారు. వెనక వరసలో ఆడవాళ్లు ఒంటికాలి మీద బరువు మోపి నిలబడి ఉన్నారు. మంత్రిగారు వాళ్లను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూసిన్రా," అన్నారు మైకులో. "ఒక్క లబ్ధిదారుతో మొదలైన మన పథకం, ప్రారంభానికి ముందే వాడవాడలా విస్తరించింది."