మంగాయమ్మ ఇంటి తూర్పు గుమ్మం

ఒక పెద్ద అడవిలో ఇళ్లకన్నా ఇళ్ల గురించి సలహాలిచ్చేవాళ్లు ఎక్కువ. అక్కడ ఒక నల్లమద్ది చెట్టు తొర్రలో పెద్దముక్కు పిట్టల జంట కాపురముండేది. మొగుడు దానయ్య, పెళ్లాం మంగాయమ్మ.

ఈ పిట్టలకి ఒక పద్ధతి ఉంది. గుడ్లు పెట్టే వేళకి ఆడపిట్ట తొర్రలో దూరి, లోపలినుంచే ద్వారాన్ని మట్టితో మెత్తేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుతుంది. మొగుడు మేడిపళ్లు తెచ్చి ఆ సందులోంచి అందిస్తాడు. ఇదంతా పాముల భయంతో.

ఆ ఏడు మంగాయమ్మ మూడు గుడ్లు పెట్టి పైకి చూస్తే, తొర్ర కప్పులో గోరంత పగులు కనిపించింది.

"ఏమండీ, వానలు పడేలోగా ఆ పగుల్లో బయటినుంచి ఒక మట్టిముద్ద కుక్కండి. లోపలినుంచి నాకు అందదు. నీళ్లు కారితే గుడ్లు చెడిపోతాయి," అంది సందులోంచి.

దానయ్య మట్టికి బయల్దేరాడు. దారిలో కోతి ఇంజనీరు తగిలాడు. ఈ ఇంజనీరుకి ఇల్లు లేదు. ఎన్నడూ లేదు. "సొంతిల్లుంటే పక్షపాతం వచ్చేస్తుందండీ," అనేవాడు.

"మట్టిముద్దా? దానయ్యగారూ, మీ హోదా ఏమిటి, ఆ ముద్దేమిటి? రేపు చుట్టాలొస్తే ఎక్కడ కూర్చోబెడతారు? ఇల్లు ముట్టుకునే ముందు సమగ్రంగా ఆలోచించాలండీ!"

దానయ్యకి 'సమగ్రంగా' అన్న మాట తెగ నచ్చేసింది. మట్టి సంగతి మరిచిపోయాడు.

కోతి టేకాకు మీద ప్లాను గీశాడు. తూర్పున సింహద్వారం, దాని ముందు వరండా, చుట్టాలకి గది, చుట్టాల చుట్టాలకి గది. మొత్తం నలభై పనులు. నలభయ్యోది పగులు.

ప్లాను అడవి గృహనిర్మాణ సంఘానికి వెళ్లింది. అధ్యక్షుడు ఎలుగుబంటి నిద్రపోతున్నాడు. గోడ మీది బల్లి టిక్కుటిక్కుమంది. ఆ సంఘంలో దాన్నే ఏకగ్రీవ ఆమోదం అంటారు.

ఇక కొలతలు. ఆ పని ఉపాధ్యక్షుడు జెర్రిపోతుది. ఆయన టేపు తీసుకురాడు. ఆయనే టేపు. చెట్టు చుట్టూ ఒక చుట్టు చుట్టుకుని, "గుమ్మం నా నడుమంత వెడల్పుంటే సరి. సగటు అతిథి కొలత అదే," అన్నాడు.

దానయ్య ఇంటికొచ్చి గర్వంగా చెప్పాడు.

"గుమ్మం ఎంత ఉండాలో పాముని అడిగొచ్చారా!" అంది మంగాయమ్మ.

"పామూ పామూ అనకే. ఉపాధ్యక్షులవారు. గుడ్లు మానేసి రెండేళ్లయిందట. కాగితం కూడా చూపించారు."

"ఎవరి సంతకం?"

"ఆయనదే."

"మట్టి తెచ్చారా?"

"అది నలభయ్యోదే. వరస తప్పితే ప్లాను పాడవుతుంది."

మర్నాడు తూర్పువైపు టకటకా మొదలైంది.

"ఎవరయ్యా అది?" అని అరిచింది మంగాయమ్మ.

"నేనేనమ్మగారూ, వడ్రంగిపిట్టని."

"లోపల మనిషినున్నాను. గుడ్లున్నాయి. తెలుసా?"

"నాకేం తెలుసమ్మా? గీత గీసిన చోట కొట్టమన్నారు. లోపల ఎవరైనా ఉన్నారేమో చూడమని ప్లానులో లేదు."

వడ్రంగి పొడుస్తుంటే మంగాయమ్మ లోపలినుంచి మెత్తింది. మూడు రోజులు అదే పని. నాలుగోనాటికి ఆమె దగ్గర మట్టి అయిపోయింది, వడ్రంగికి చిల్లు పడింది. ఆ సాయంత్రమే వాన. పగుల్లోంచి ధార కట్టింది. మంగాయమ్మ గుడ్ల మీద రెక్క కప్పి, తను తడిసింది.

"ఏమండీ, ఒక్క ముద్ద!"

"ఇంకో ముప్ఫై ఆరు పనులే. కాస్త ఓర్చుకో," అన్నాడు దానయ్య, కోతి పట్టిన అరిటాకు కింద నిలబడి.

తెల్లారి గుమ్మం ప్రారంభోత్సవం. అడవంతా వచ్చింది. తనిఖీ చేయాల్సింది జెర్రిపోతే. దారిలో తోటి అతిథి ఒక కప్ప కనిపిస్తే, తనిఖీకి ముందు నోట్లో ఏదైనా వేసుకోవాలి గదా అని మింగి మరీ వచ్చాడు.

"లోపలి పని కూడా చూడాలి," అంటూ గుమ్మంలో తల పెట్టాడు. గుడ్లు కనిపించగానే కాగితం మాట మరిచిపోయి గబగబా జారాడు. జానెడు జారి ఆగిపోయాడు. కప్ప ఉన్న చోటు గుమ్మంలో ఇరుక్కుంది. ముందుకు రాదు, వెనక్కి పోదు.

"కొలత తప్పు!" అని బుస్సుమన్నాడు.

"మీ నడుమే సార్," అన్నాడు వడ్రంగి బయటినుంచి. "పరగడుపు నడుము. భోజనానంతరం కొలత మీరివ్వలేదు."

మంగాయమ్మ అంత ముక్కూ ఎత్తి ఉపాధ్యక్షులవారి నెత్తిన వాయించింది. ఏడో దెబ్బకి ఆయన కప్పని కక్కేసి, సన్నబడి, వెనక్కి జారి కింద పడ్డాడు. కప్ప బతికే ఉంది. "పిలిస్తేనే వచ్చాను," అని గొణుక్కుంటూ అదే గుమ్మంలోంచి దూకి వెళ్లిపోయింది.

సంఘం అక్కడికక్కడే సమావేశమై, గుమ్మాన్ని కనీసం ఒక ప్రముఖుడు వినియోగించుకున్నాడు కనుక పథకం విజయవంతమని రాసుకుంది. బల్లి టిక్కుటిక్కుమంది. కోతి అప్పటికే పక్క చెట్టు మీద ఉడతకి చుట్టాల గది గురించి చెబుతున్నాడు.

మంగాయమ్మ పాత ద్వారం మట్టిని పగలగొట్టి బయటికొచ్చింది. లోపలున్నన్నాళ్లూ ఈకలు ఊడి ఎగరలేక, కొమ్మ కొమ్మా దిగి మట్టి తెచ్చింది. పగులు మూసింది. తూర్పు గుమ్మం పూడ్చింది.

"గుడ్లు చల్లబడుతున్నాయి. కాసేపు మీరు కూర్చోండి," అంది మొగుడితో.

దానయ్య బుద్ధిగా లోపలికెళ్లి గుడ్ల మీద సర్దుకున్నాడు. ఆమె పాత ద్వారాన్ని బయటినుంచి మెత్తడం మొదలుపెట్టింది.

"ఏమే, నన్నుంచి మూసేస్తున్నావేమిటి? నాకు తిండి?"

"మేడిపళ్లు తెస్తాను."

"మరి నా ప్లాను?"

"అదీ లోపలే ఉంది. ఆకు వెడల్పుగా ఉందని గుడ్ల కింద పరిచాను."

వానలు వెళ్లేసరికి మూడు పిల్లలు కళ్లు తెరిచాయి. ఇల్లు ఒక్క చోట కూడా కారలేదు.

నీతి: ఇంటి మరమ్మతుకి ముందు సామాను సర్దకపోయినా ఫర్వాలేదు, ఇంటాయన్ని మాత్రం ఎక్కడైనా పెట్టి మెత్తెయ్యాలి.