ఖంగుమనని కప్పులు

ఆ ఉదయం పింగాణీ కొట్టు పెద్దాయన వేసుకున్న లెక్క చాలా సులువైనది. తొమ్మిదింటికి వియ్యంకుడి బట్టీ నుంచి మూడు వందల కప్పులు వస్తాయి. పదకొండుకల్లా వాటిని ఒక్కొక్కటే వేలితో తట్టి చూడడం అయిపోతుంది. పన్నెండుకి అవి మర్నాడు తెరవబోయే హోటలుకి వెళ్లిపోతాయి. భోజనం చేసి, భార్యతో కలిసి కూతురింటికి వెళ్లి మనవరాలిని చూసి రావాలి. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. లెక్క వేసిన మనిషిలోనే ఉంది.

తట్టి చూడడమే ఆయన వ్యాపారానికి పెట్టుబడి. నడిమి వేలు మడిచి, కణుపుతో కప్పు అంచు మీద సుతారంగా తడితే మంచి కప్పు ఖంగుమంటుంది. కంటికి ఆనని వెంట్రుకంత బీట ఉన్నా టప్పుమంటుంది. "కన్ను మోసపోతుంది, చెయ్యి మోసపోతుంది, చెవి మోసపోదు" అని ముప్పై ఏళ్లుగా ఆయన చెబుతున్నాడు. ఆయన తట్టి ఇచ్చిన కప్పును కొన్నవాళ్లు మళ్లీ తట్టి చూసుకోరు. ఆ వీధిలో అంతటి పేరు మరొకరికి లేదు.

ఈ మధ్య రెండేళ్లుగా కొట్టుకి వచ్చినవన్నీ దళసరి జాడీలు, పెద్ద పళ్లేలు. అవి బొంగురు గొంతుతో మోగుతాయి, ఆయనకి బాగానే వినిపించేవి. పల్చటి కప్పులు రావడం చాలా రోజుల తర్వాత ఇదే.

మొదటి కప్పు తట్టాడు. టప్పుమంది. పక్కన పెట్టాడు. రెండోది టప్పుమంది. మూడోది, పదోది, ముప్పయ్యోది, అన్నీ టప్పే. ఆయన మొహం వాడిపోయింది.

"అన్నీ బీటలే!"

కొట్టులో గడ్డి చుట్టి సరుకు కట్టే ఆవిడ పదేళ్లుగా అక్కడే పనిచేస్తోంది, నోరున్న మనిషి. "అదేంటండీ, గంటల్లా మోగుతుంటేనూ?" అంది.

ఆయన ఆవిడ మొహం చూసి, ఆవిడ కూడా బాధపడుతోందనుకున్నాడు. "అవును, ఏం చేస్తాం. వెనక్కి పంపేద్దాం" అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అని ఆవిడ గడ్డితో చెప్పుకుంది.

ఆయన వియ్యంకుడికి ఫోను చేశాడు. ఫోనులో అవతలి మాట సరిగ్గా అందదు కాబట్టి, తను చెప్పాల్సింది చెప్పి పెట్టెయ్యడం రెండేళ్లుగా ఆయనకి అలవాటు. "బావగారూ, మీ సరుకంతా బీటలు. మూడు వందలూ వెనక్కి పంపుతున్నా. బంధుత్వం బంధుత్వమే, వ్యాపారం వ్యాపారమే" అని పెట్టేశాడు. పెద్ద వ్యాపారులు ఎదుటివాడి మాట వినరని బజారు అనుకుంటుంది కాబట్టి, ఆ అలవాటు వల్ల ఆయనకి ఇంతవరకు మర్యాద పెరిగిందే గానీ తగ్గలేదు. బేరాల్లో కూడా అంతే. కొనేవాడు ధర చెబితే ఈయన పలకడు. ఆ మౌనానికి భయపడి కొనేవాడే పెంచుతాడు.

కప్పులు వెనక్కి వెళ్లాయి. హోటలుకి ఏం పంపాలి? అరలో పాత పల్చటి కప్పులున్నాయి. రెండేళ్ల కిందట తనే తట్టి, బాగున్నాయని పేర్చినవి. దించి తట్టాడు. అవీ టప్పే! కూజాలు తట్టాడు. టప్పు. దళసరి జాడీ తట్టాడు. అది మాత్రం మోగింది. ఆయన బుర్రలో లెక్క చకచకా తేలింది. పల్చటివి పగిలాయి, దళసరివి నిలిచాయి. అంటే కొట్టు అదిరింది. అదిరిందంటే ఎవరో అదిరించారు.

పక్కది కళ్లజోళ్ల కొట్టు. కళ్లజోళ్లాయన కిందటి వారం అద్దాలు బిగించడానికి గోడకి రంధ్రాలు పెట్టించాడు.

"నీ గోడ రంధ్రాలకి నా కొట్టు కొట్టంతా బీటలు వారింది!"

"మీ కప్పులేమైనా నా గోడకి వేలాడుతున్నాయా, పెద్దాయనా? కావాలంటే మంచి జోడు ఇస్తాను, పెట్టుకుని చూడండి. బీట ఎక్కడుందో నాక్కూడా చూపించండి."

ఆయనకి మాటలు అందలేదు గానీ, నవ్వు కనబడింది. ఇంకా మండిపోయాడు. మనిషి కోపంలో తీసుకునే నిర్ణయం ఎప్పుడూ ఎదుటివాడికే లాభం. చెడ్డ సరుకు మంచిదని అమ్మే మనిషిని కానని లోకానికి చూపించాలనుకున్నాడు. అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో రాశాడు: "బీట సరుకు. సగం ధర. తెలిసి కొనండి."

అరగంటలో కొట్టు నిండిపోయింది. వచ్చినవాళ్లు కప్పు తీసి చెవి దగ్గర పెట్టుకుని తట్టడం, పక్కవాళ్లని చూసి ముసిముసిగా నవ్వడం, పది పట్టుకుని గబగబా వెళ్లిపోవడం. "బీట కప్పు దొరికితే ఇంత సంబరమా? పిచ్చి జనం" అనుకున్నాడు ఆయన. కళ్లజోళ్లాయన కూడా వచ్చి డజను కొన్నాడు. "నా వల్లే పగిలాయి కదా, పాపం నేనూ కొంత మొయ్యాలి" అని గట్టిగా, అందరికీ వినిపించేలా అన్నాడు. ఒక్కరికి తప్ప అందరికీ వినిపించింది.

కట్టే ఆవిడ ఇక ఓర్చుకోలేక, వీధి చివరున్న పెద్దాయన ఇంటికి పరిగెత్తింది.

ఆవిడ అటు వెళ్లగానే ఇటు బట్టీ వ్యాను తిరిగొచ్చింది. అందులో అవే మూడు వందల కప్పులు, వాటితో వియ్యంకుడు, వెనక కళ్లు ఎర్రబడ్డ కూతురు, ఆమె చెయ్యి పట్టుకుని ఆరేళ్ల మనవరాలు.

వియ్యంకుడు బట్టీ మంటల హోరులో బతికిన మనిషి. మాట మామూలుగానే అరుపులా ఉంటుంది, ఆ వేళ అరుపే.

"బావగారూ! నా బట్టీలోంచి బీట సరుకు వచ్చిందన్నారా? నేను ఫోనులో మాట్లాడుతుంటే పెట్టేస్తారా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు నేను ఎవరితో చెప్పుకోను?"

"తట్టి చూడండి! మీరే తట్టి చూడండి!"

వియ్యంకుడు గంపలోంచి కప్పు తీసి తట్టాడు. మనవరాలు వెళ్లి వియ్యంకుడికి ఎదురుగా నిలబడి, బుద్ధిగా తల ఊపింది.

"ఖంగుమంది!"

"టప్పుమంది!"

ఇంకోటి తట్టాడు. పిల్ల తల ఊపింది. "ఖంగు!" "టప్పు!" కొనడానికి వచ్చినవాళ్లు కొనడం మానేసి చూస్తున్నారు. ఇరవయ్యో కప్పు దగ్గర పిల్ల ముక్కు గోక్కుంది. వియ్యంకుడు ఆ కప్పు తీసి పక్కన పెట్టాడు. "ఇదొక్కటే బీట. ఒప్పుకుంటున్నా. నేను న్యాయం తప్పే మనిషిని కాను. మిగతావి కూడా బీటలే అంటే మన సంబంధానికి కూడా బీట వారినట్టే. ఇకమీదట నా కోడలు ఈ గుమ్మం ఎక్కదు, నా మనవరాలూ ఎక్కదు!"

"నాన్నా, ఒక్క మాట వినండి నాన్నా" అంది కూతురు ఏడుస్తూ.

ఆయనకి ఏడుపు కనబడింది, మాట అందలేదు. ఎప్పుడూ మాటలు దొరకని చోట చేసే పనే చేశాడు. నిదానంగా తల ఊపాడు. ఆ తల ఊపుడు 'సరే, ఎక్కద్దు' అన్నట్టు ఉంది. కూతురు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చిలికి చిలికి గాలివాన అయింది.

అప్పుడే కట్టే ఆవిడ వెంట ఆయన భార్య వచ్చింది. కొట్టునీ, జనాన్నీ, రెండు ఎర్రటి మొహాల్నీ ఒక్కసారి చూసింది. వియ్యంకుడు పక్కన పెట్టిన బీట కప్పు ఒక చేత్తో, మంచి కప్పు ఒక చేత్తో తీసుకుంది. భర్త భుజం పట్టుకుని గోడ వైపు తిప్పింది. గోడకి మొహాలుండవు.

వెనకనుంచి ఒకటి తట్టింది. తర్వాత రెండోది తట్టింది. ఆయన ముందుకొచ్చి నిలబడి వేళ్లతో అడిగింది: మోగింది మొదటిదా, రెండోదా?

"రెండూ బీటే" అన్నాడు ఆయన ధీమాగా.

రెండోది ఖంగుమన్న మోత ఇంకా గాల్లోనే ఉంది. ఎవరూ నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే ఆయనకి గట్టిగా వినిపించింది. జనం వైపు చూశాడు, కట్టే ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల దించుకుని గడ్డి చుట్టుకుంటోంది. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

భార్య ఆయన నడిమి వేలు పట్టుకుని నిమిరింది. "వేలు బాగానే ఉందండీ" అంది చెవి దగ్గర వంగి, గట్టిగా. "చెవి చూపించుకోమని రెండేళ్లుగా చెబుతున్నాను. అదీ మీకు వినపడలేదు."

వియ్యంకుడు కప్పులన్నీ దింపి, పిల్లనీ కోడల్నీ ఎక్కించుకుని వెళ్లిపోయాడు. సాయంత్రానికి హోటలుకి రెండు వందల తొంభై తొమ్మిది కప్పులు చేరాయి. తట్టింది భార్య.

మూడో రోజు వినికిడి పరీక్ష. చిన్న గది, చెవులకి డిప్పలు, చేతిలో మీట. మోత వినపడితే నొక్కాలి. ఆయన పరీక్ష చేసే అమ్మాయి కనుబొమలు చూసి నొక్కుతున్నాడు. కొనేవాడి మొహం చదవడంలో ముప్పై ఏళ్ల అనుభవం మరి. ఆ అమ్మాయి కాసేపటికి విషయం పట్టేసి, కుర్చీ వెనక్కి తిప్పుకుంది. అసలు సంగతి బయటపడింది.

కాగితం మీద గీత కొంతదూరం తిన్నగా వెళ్లి, ఆ తర్వాత మెట్లు దిగినట్టు దిగిపోయింది.

"బొంగురు మోతలు మీకు వినపడతాయండీ. సన్నటివే పోయాయి" అని ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని నిదానంగా చెప్పింది. తర్వాత బల్ల మీద డబ్బాల్లో రెండు రకాల వినికిడి యంత్రాలు పెట్టింది. ఒకటి చెవి లోపల దూరిపోయే చిక్కుడు గింజంతది, ఇంకోటి చెవి వెనక కూర్చుని సన్నటి తీగతో లోపలికి వచ్చేది.

ఆయన అలవాటు కొద్దీ రెండు డబ్బాల్నీ కణుపుతో తట్టాడు. "ఆ చిన్నది ఇవ్వమ్మా. ఎవరికీ కనబడకూడదు."

"అది బాగా చిన్నదండీ. మీ చెవికి ఉన్న లోటు అంతా అది పూడ్చలేదు. దాని బ్యాటరీ మార్చడం కూడా మీ వేళ్లకి కష్టం. రెండూ కొన్నాళ్లు వాడి చూడండి, తర్వాతే తేల్చుకోండి."

"దాచి అమ్మేవాడి సరుకులో లోపం ఉంటుందని మీరే అంటారుగా?" అంది భార్య. "అయినా బజారంతా చూశాక ఇంకెవరి దగ్గర దాస్తారు? కళ్లజోళ్లాయన మొహం మీద రెండు అద్దాలు పెట్టుకుని తిరగట్లా?"

"వినపడకపోవడంలో లాభం కూడా ఉందే. బేరం బాగా కుదిరేది."

"మరి నష్టం?" అంది పరీక్ష చేసే అమ్మాయి. "సన్నటి మోతలంటే పింగాణీ ఒక్కటే కాదండీ. పక్షి కూత, చిన్నపిల్లల గొంతు..."

ఆయన చెయ్యి డబ్బా మీదే ఆగిపోయింది. "మా మనవరాలు నాతో మాట్లాడదమ్మా. ఒళ్లో కూర్చుంటుంది, చెవి దగ్గర మొహం పెడుతుంది, ఊరికే పెదాలు కదుపుతుంది. నేనంటే బెరుకనుకున్నాను."

ఆయన చెవి వెనక పెట్టుకునేవి తీసుకున్నాడు. రెండు చెవులకీ.

బయటికి రాగానే లోకం ఒక్కసారిగా మీద పడింది. చెప్పుల చప్పుడు, కాగితం గరగర, ఎక్కడో గిన్నె కింద పడడం.

"ఎలా ఉందండీ?" అంది భార్య.

"అబ్బా! అంత అరుస్తావేమే?"

"రెండేళ్ల అలవాటు" అందామె మామూలు గొంతుతో. ఆ మామూలు గొంతు ఎలా ఉంటుందో ఆయన మర్చిపోయాడు. ఇల్లు చేరేదాకా ఏదో ఒకటి అడుగుతూ ఆమెని మాట్లాడిస్తూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్నే బట్టీ ఇంటికి వెళ్లాడు. వియ్యంకుడు వసారాలో మొహం తిప్పుకుని కూర్చున్నాడు. పెద్దాయన వెళ్లి పక్కన నిలబడి, "బావగారూ, తప్పు నాదే. నా చెవి పోయింది, మీ సరుకు కాదు. పిల్లని మా గుమ్మం ఎక్కద్దనకండి" అని మెల్లగా అన్నాడు. వియ్యంకుడు పలకలేదు. బాగా కోపంగా ఉన్నాడనుకుని ఈయన ఓ పక్కన కూర్చున్నాడు.

మనవరాలు వచ్చి ఒళ్లో ఎక్కింది. చెవి వెనక ఉన్నదాన్ని వేలితో తాకి చూసింది. తర్వాత అలవాటుగా చెవి దగ్గర మొహం పెట్టింది. రెండేళ్లలో మొదటిసారి ఆయనకి ఆ గొంతు వినిపించింది. అరలో అన్నిటికన్నా పల్చటి కప్పు మోత.

"కొట్టు తాతయ్యా, నేను నీకు చెప్పినవన్నీ ఎవరికీ చెప్పలేదుగా?"

ఆయన తల ఊపాడు.

"నాకు తెలుసు. అమ్మకి చెప్తే నాన్నకి చెప్పేస్తుంది. నువ్వొక్కడివే ఎవరికీ చెప్పవు. అందుకే నీకే అన్నీ చెప్తాను. బట్టీ తాతయ్యకి కప్పుల మోత వినపడదని నీకు ముందే చెప్పానుగా? మోగితే నేను తల ఊపుతాను. మోగకపోతే ముక్కు గోక్కుంటాను. ఆ రోజు మీరిద్దరూ పోట్లాడుకుంటుంటే నాకు నవ్వొచ్చింది. కానీ నువ్వు ఎవరికీ చెప్పకు. బట్టీ తాతయ్య ఒట్టు వేయించుకున్నాడు."

ఆయన మెల్లగా వియ్యంకుడి వైపు చూశాడు. లేచి వెళ్లి, ఈసారి ఎదురుగా, మొహం కనబడేలా కూర్చుని, ఇందాకటి మాటలే మళ్లీ నిదానంగా చెప్పాడు. వియ్యంకుడు పెదాల వైపే చూస్తూ విన్నాడు. "ఆ ముక్క రాగానే చెప్పుంటే పోయేదిగా బావగారూ!" అని కళ్లు తుడుచుకుని, పిల్లని ఆదివారం పంపిస్తానన్నాడు. ఆ తర్వాత ఈయన ఏదో అడిగితే, నిదానంగా తల ఊపాడు. ఆ తల ఊపుడు ఎవరిదో ఈయన ఇట్టే పోల్చుకున్నాడు.

సాయంత్రం ఆయన వినికిడి పరీక్ష చేసే అమ్మాయి దగ్గరికి వెళ్లి, ఇంకో జత కొంటే ఏమైనా తగ్గిస్తావా అని బేరం మొదలుపెట్టాడు.

"ముందు ఆ మనిషిని తీసుకొచ్చి పరీక్ష చేయించాలండీ. ఇంతకీ ఎవరికి?" అని అడిగిందామె.

పెద్దాయన రెండు చెవులా విని, వినపడనట్టు నిదానంగా తల ఊపాడు.