అలవాటు పడిన అలారం

ఆఫీసుకు బయల్దేరేలోగా ఫ్రిజ్ నోరు మూయించాలని ఆ ఉదయం అకౌంటెంటు నిశ్చయించుకున్నాడు. తలుపు తీస్తే చాలు, అది కీచుమంటోంది. లోపల అతని తల్లి షుగరు ఇంజెక్షన్లున్నాయి. అవి వేడెక్కితే అరవడానికి గోడకు ఒక చిన్న పెట్టె తగిలించి, అందులో "కాపలా" అనే ప్రోగ్రామును అతనే పెట్టాడు. పెట్టడమేమిటి, రాసిందే అతను.

"పాలు తీస్తే అరుపు, పెడితే అరుపు. దాన్ని మీరు మాట్లాడకుండా చేస్తారా, నన్ను చేయమంటారా?" అంది భార్య, గరిట చూపిస్తూ.

కాపలాను అతనూ, ఫోన్లో తప్ప ఎన్నడూ కలవని ఒక రిటైర్డ్ సైన్సు మేష్టారూ తీరిక వేళల్లో నడుపుతారు. జీతం లేదు, భత్యం లేదు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపల ఏం రాశారో విప్పి చూసుకోవచ్చు. తీసుకున్నవాళ్లలో ఆస్పత్రులు కూడా ఉన్నాయి. విప్పి చూసినవాళ్లే లేరు. ఒకరు చేసిన మార్పును రెండోవారు చదివి టిక్కు పెట్టాకే బయటికి పంపాలన్నది వాళ్ల మొదటి నియమం.

అకౌంటెంటు సాక్సు వేసుకుంటూనే మార్పు రాశాడు. తలుపు తీసినప్పుడల్లా అప్పుడు లోపలున్న వేడినే మామూలు వేడి అనుకోవాలి, దానికి బాగా మించితేనే అరవాలి. మేష్టారికి పంపాడు. క్షణంలో టిక్కు వచ్చింది.

"అప్పుడే చదివేశారా మేష్టారూ?"

"నువ్వు రాసింది చదివేదేముంది నాయనా!"

ఫ్రిజ్ నోరు మూసుకుంది. భార్య రెండో కప్పు కాఫీ ఇచ్చింది. కొత్త కాపలా వాడేవాళ్లందరికీ వెళ్లిపోయింది.

ఎండలు ముదిరాయి. పాలు విరిగిపోతుంటే భార్య పాలవాణ్ణి తిట్టి మాన్పించింది. తల్లికి షుగరు పెరిగింది. మనిషి మంచం దిగడం లేదు, ఎంత నీళ్లు తాగినా దాహం తీరడం లేదు.

"దొంగచాటుగా బిస్కెట్లు తింటున్నావా అమ్మా?"

"నేను ముట్టుకోలేదురా."

"మరి షుగరు ఊరికే పెరుగుతుందా అత్తయ్యా?" అని కోడలు తలగడ కింద వెతికింది. బిస్కెట్ల డబ్బాను అల్మారాలో పెట్టి తాళం వేసింది. ఫ్రిజ్‌లో చాక్లెట్లేమైనా తగ్గాయేమోనని గంటకోసారి తలుపు తీసి చూసుకునేది. తీసినప్పుడల్లా కాపలా అప్పటి వేడికి అలవాటు పడిపోయేది.

అంతలో ఒక ఆస్పత్రి ఫార్మసిస్టు నుంచి సందేశం వచ్చింది. "సార్, మా ఫ్రిజ్‌లో మందులన్నీ పాడయ్యాయి. అలారం మోగలేదంటే ఎవరూ నమ్మడం లేదు. సాయంత్రం విచారణ. నా ఉద్యోగం పోయేలా ఉంది. తప్పు ప్రోగ్రాములో ఉందేమో ఒక్క మాట రాయగలరా?"

అకౌంటెంటు తన మార్పు తెరిచి చూశాడు. ఫ్రిజ్ మెల్లగా చెడిపోతూ, మనుషులు తలుపు తీస్తూ ఉంటే కాపలా ఎప్పటికీ అరవదు. మేష్టారికి ఫోన్ చేశాడు.

"కంగారు పడకు నాయనా. తప్పు ఎలా జరిగిందని అడగాలి గానీ ఎవరు చేశారని అడగకూడదు. మన రెండో నియమం అదేగా?"

ఆ నియమం అంత చల్లగా అతనికి మునుపెన్నడూ తగల్లేదు. "ఒక మార్పు కారణంగా కొన్ని సందర్భాల్లో అలారం మోగకపోయి ఉండవచ్చు" అని రాసి పంపాడు.

వెంటనే జవాబొచ్చింది. "ఇందులో మనిషెవరూ లేరు కదా సార్. విచారణ కాగితాల్లో పేరున్న మనిషిని నేనొక్కదాన్నే. ఎవరూ చేయలేదంటే నేనే చేసినట్టు."

అతను ఫోన్ బోర్లా పెట్టి, చన్నీళ్లు తెమ్మన్నాడు. భార్య ఫ్రిజ్ తీసి సీసా పట్టుకుంది.

"ఏవండీ, ఇవి స్నానానికి పనికొచ్చేలా ఉన్నాయే!"

అతను ఒక్క గెంతులో వెళ్లాడు. లోపల దీపం వెలుగుతోంది. మోటారు ఊపిరి లేదు. ఇంజెక్షన్ల పెట్టె వెచ్చగా, ఒంటి జ్వరంలా తగిలింది. గోడమీది కాపలా పచ్చదీపం వెలిగించుకుని నిశ్చింతగా ఉంది.

"వేడికి మందు ఎప్పుడో చెడింది. అమ్మకి మనం ఇన్నాళ్లూ పొడిచింది వట్టి నీళ్లు" అన్నాడు.

భార్య అల్మారా తాళంచెవిని గుప్పిట్లో బిగించింది.

తల్లిని ఆస్పత్రిలో చేర్చారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే స్పృహ తప్పేదని డాక్టరు చెప్పింది. అక్కడ బెంచీ మీద కూర్చుని అకౌంటెంటు ఫార్మసిస్టుకు మళ్లీ రాశాడు. మార్పు చేసింది తానేనని, పరీక్షించకుండా పంపానని, ఇంటిపేరుతో సహా. మేష్టారికి చూపించాడు. కింద ఒక వాక్యం చేరింది: "చదవకుండా టిక్కు పెట్టింది నేను." ఆయన పేరు. విచారణ మొదలయ్యేలోగా ఉత్తరం వెళ్లిపోయింది.

రాత్రికి ఫార్మసిస్టు రాసింది. "నా ఉద్యోగం నిలిచింది సార్. తప్పు నాదని సంతకం పెట్టిన ఉత్తరం మావాళ్లు ఇదివరకెన్నడూ చూడలేదట. దాన్ని ఏ ఫైల్లో పెట్టాలో తేలక విచారణ మూసేశారు."

తల్లి కోలుకుని ఇంటికొచ్చింది. కొడుకు మంచం పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. కోడలు అల్మారా తాళంచెవి తెచ్చి ఆమె తలగడ దగ్గర పెట్టింది.

"తప్పు నాది అత్తయ్యా. ఇకమీదట ఇది మీ దగ్గరే ఉంచుకోండి."

పెద్దావిడ తాళంచెవిని వేలితో అవతలికి నెట్టింది.

"ముట్టుకోకుండానే దొంగనయ్యాను. ఇప్పుడు తాళం కూడా నా దగ్గరుంటే, ఇంకేమైనా ఉందా తల్లీ!"