పరంజ్యోతి ఎర్రబడిన బుగ్గలు

“పెంచలకృష్ణా, ఈ కోవూరులో నేరం చేయాలనుకునేవాడు ముందు నేను ఊళ్లో లేనని తేల్చుకోవాల,” అన్నాడు జడ్సన్.

అప్పుడు మేమిద్దరం వాడి డిటెక్టివ్ ఆఫీసు కూడా అయిన సెల్‌ఫోన్ దుకాణం బయట నిలబడి ఉన్నాం. తాళంచెవి ఎక్కడ పెట్టాడో వాడికి గుర్తు రావడం లేదు.

అంతలో మగ్దలీనమ్మక్క వచ్చింది. ఆమె భర్త పరంజ్యోతి చర్చిలో తబలా వాయిస్తాడు.

“మా ఆయనకేందో అయింది జడ్సన్. మొహం ఎర్రంగా కందిపోయింది. నిద్రపోడు. ఊరికే నీళ్లు తాగతా ఉండాడు. మంచం వరండాలో ఏసుకున్నాడు. నావైపు చూడనే చూడడు. ఎవుతైనా ఉందేమో కనుక్కో నాయనా,” అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

జడ్సన్ కళ్లు మూసుకుని తెరిచాడు. “ఆడమనిషి కాదక్కా. విషం. నిదానంగా చంపేది!”

అక్క మెట్టుమీద కూలబడింది.

“కాస్త నిదానంగా చెప్పరా,” అన్నాను.

“నిదానంగా చంపేదే. చెప్పడం కూడా నిదానమైతే ఇంక మనిషేం మిగలతాడు?”

మర్నాడు పరంజ్యోతి నెల్లూరు బస్సెక్కాడు. నా స్కూటరు మీద వెంబడించాం. మారువేషం కోసమని జడ్సన్ మండే ఎండలో మంకీ క్యాప్ పెట్టుకున్నాడు. పెన్న వంతెన మీద బస్సులోని వాళ్లంతా మమ్మల్నే చూశారు. పరంజ్యోతి చెయ్యి కూడా ఊపాడు. మా మీద నమ్మకం లేక అక్క వెనకాల ఆటోలో వస్తోంది.

పరంజ్యోతి ఒక సందులోని మేడలోకి వెళ్లాడు. “విషం స్థావరం!” అంటూ జడ్సన్ దూసుకెళ్లి, గడప తట్టుకుని, పడబోతూ ఎదురుగా ఉన్న కర్టెన్ పట్టుకున్నాడు. కర్టెన్, దాని కమ్మీ, జడ్సన్ కలిసి కిందపడ్డారు.

లోపల చొక్కా లేకుండా పరంజ్యోతి. అతని భుజం దగ్గర సూదితో డాక్టరు.

“కదలొద్దు!” నేలమీద నుంచి అరిచాడు జడ్సన్.

“ఆయనకు నేనూ అదే చెబుతున్నాను,” అన్నాడు డాక్టరు.

అక్క లోపలికొచ్చింది. “షుగరు మనిషికి ఏం సూదయ్యా అది?”

డాక్టరు చెయ్యి ఆగిపోయింది. “షుగరుందా? అడిగితే లేదన్నారే!”

“ఉందంటే ఎయ్యరని,” పరంజ్యోతి గొణిగాడు. “భుజం పట్టేసింది. చెయ్యి కదిల్తేనే గదా తబలా. మొన్ననే ఇంకోచోట కూడా ఏయించుకున్నా.”

డాక్టరు రక్తం పరీక్షించి, మిషను చూసి, సూదికి మూత పెట్టేశాడు.

“ఇది స్టెరాయిడ్. ముఖం ఎర్రబడుతుంది, నిద్ర పట్టదు, షుగరు ఎగబాకి దాహం వేస్తుంది. ఇంకోటి పడుంటే ఆస్పత్రిలో చేరాల్సి వచ్చేది. పైగా కొందరికి మగ హార్మోన్ తగ్గి కొన్నాళ్లు కోరిక ఉండదు. మామూలుగా మళ్లీ సర్దుకుంటుంది.”

అక్క పరంజ్యోతి వైపు తిరిగింది.

“అందుకేనా వరండా?” అంది అక్క.

“నా పనైపోయిందనుకున్నా. నీకెట్ట చెప్పేది?”

“నేను ఇంకో ఆడదుందని డిటెక్టివ్‌ని పెట్టుకున్నా. నాకెట్ట ఉంటాది?”

అతని చెయ్యి పైకి లేవదు. చొక్కా ఆమే తొడిగి గుండీలు పెట్టింది. “మంచం లోపలెయ్యి. నిద్ర పట్టకపోతే ఇద్దరం మేలుకొనుందాం.”

పరంజ్యోతి ముఖం మరింత ఎర్రబడింది. ఈసారి మందు వల్ల కాదని డాక్టరుకు కూడా తెలిసినట్టుంది, కిటికీ వైపు తిరిగాడు.

“ఇంతకీ ఆయనెవరు?” అన్నాడు డాక్టరు, నేలమీది కర్టెన్‌ను చూపిస్తూ.

అక్క ఆ కర్టెన్‌ను ఒకసారి చూసింది. “మా తమ్ముడు.”

డిటెక్టివ్ అనలేదని జడ్సన్ బాధపడలేదు. కర్టెన్‌లోంచి తల ఎటువైపు బయటికి తీయాలన్నది వాడింకా పరిశోధిస్తున్నాడు.