క్వీన్స్ రోడ్డు మీద ఏడిళ్లు

క్వీన్స్ రోడ్డు మీద ఒక్క చుట్టం ఇల్లయినా లేని మనిషిని చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, సువాలో కారెక్కుతాడు, నాలుగు గంటల్లో లౌటోకాలో దిగుతాడు. అదీ ఒక ప్రయాణమేనా? దారిలో ఆపేవాడు లేడు. "తినకుండా కదిలావంటే నా మీద ఒట్టే" అనేవాడు లేడు. పంచదార బస్తా కూడా అలాగే వెళ్తుంది!

నాకా దౌర్భాగ్యం లేదు. మన ఫిజీకి ఉన్నవే రెండు సిటీలు. ఆ రెంటి మధ్య రెండొందల ఇరవై కిలోమీటర్ల రోడ్డు. ఆ రోడ్డు పక్కన దేవుడు నాకు ఏడిళ్లు ఇచ్చాడు. నవువాలో మేనత్త, కోరొలేవు దగ్గర చిన్ననాటి స్నేహితుడు, సింగటోకాలో మా ఆవిడ అక్క, నందీ చేరేలోపు ఇంకో నాలుగు. మేం సెలవు పెట్టి ప్రయాణం చేస్తాం. సెలవు అయిపోతుంది, ప్రయాణం అవదు. ఇంతకన్నా అదృష్టం ఏం కావాలి?

ఆగడమంటే హారన్ కొట్టి చెయ్యూపడం కాదని వేరే చెప్పాలా? కారాపాలి. దిగాలి. గ్రోగ్ మొక్క వేళ్ల కట్ట చేతిలో పెట్టాలి. వాళ్లు దాన్ని దంచి, నీళ్లలో పిసికి, కొబ్బరి చిప్పలో పోసి ఇస్తే నాలుక మొద్దుబారేదాకా తాగాలి. ఆ తర్వాత రోటీ. ఆ తర్వాత కోడి. కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాక "టీ పెట్టేశాను" అనే కేక. అది తాగి లేస్తే అప్పుడు ఒక ఇల్లు అయినట్టు.

ఈ పద్ధతిని కాపాడ్డానికి నేను చేసిన సేవ కూడా చిన్నదేం కాదు. పదకొండేళ్ల కిందట ఇదే కాలమ్‌లో, "అయినవాళ్ల ఇల్లు దాటిపోయేవాడికి లైసెన్సు ఇవ్వకూడదు" అని రాశాను. పాఠకులు తెగ మెచ్చుకున్నారు. ఎవర్ని ఉద్దేశించి రాశానో లౌటోకాలో ఒకాయనకి మాత్రం బాగా అర్థమైంది. ఆయన మా అన్న సురుజ్.

ఆ కాలమ్‌కి ముందు రోజుల్లో అన్న సువా వచ్చాడు. బస్టాండులో చూసినవాళ్లు చెప్పారు. మా ఇల్లు బస్టాండుకి పది నిమిషాల దూరం. రాలేదు! వచ్చినవాడు వచ్చినట్టే మధ్యాహ్నం బస్సెక్కి వెళ్లిపోయాడు. రాత్రి నేనే ఫోన్ చేశాను.

"సువాలో నీకు తమ్ముడు లేడనుకున్నావా?"

"టైము లేదురా," అన్నాడు.

చక్కెర మిల్లులో సైరన్ వింటూ బతికిన మనిషికి టైము లేదట! ఠక్కున ఫోన్ పెట్టేశాను. కాలమ్ రాశాను. ఏడిళ్లలోనూ గ్రోగ్ ముందు కూర్చుని అందరికీ చెప్పాను, అందరూ నా వైపే తలూపారు. అన్న మళ్లీ ఫోన్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. పదకొండేళ్లు గడిచిపోయాయి.

మొన్న మంగళవారం ఫోన్ మోగింది.

"ఆదివారం పన్నెండింటికి భోజనానికి రా."

గొంతు గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. "అలాగే అన్నా" అన్నాను. "పన్నెండింటికి" అని మళ్లీ చెప్పి పెట్టేశాడు. సిగ్గుపడకుండా ఒప్పుకుంటున్నాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

పన్నెండంటే ఏమిటో మా అన్నని ఎరిగినవాళ్లకే తెలుసు. ముప్ఫై ఎనిమిదేళ్లు మిల్లు సైరన్ మోగగానే కంచం ముందు కూర్చున్నాడు. రిటైరయ్యాక ఆ సైరన్ ఆయన కడుపులో మోగుతోంది. పన్నెండూ ఐదుకి వచ్చినవాడికి ఫూల్‌కువారి వదిన అన్నం పెడుతుంది గానీ, అన్న నోట్లోంచి మాట మాత్రం రాదు. ఆ మనిషి ఒక్కసారి పిలిచాడు. ఈసారి తప్పితే ఇంకోసారి పిలవడు.

సరే, ప్లానింగ్ మొదలైంది. మా ఆవిడ రాజ్‌మతి పాత క్యాలెండర్ వెనక్కి తిప్పి రోడ్డు గీసింది. రోడ్డు పక్కన ఏడు చుక్కలు పెట్టింది. ఇంటికి నాలుగు గంటల చొప్పున లెక్కేస్తే ఆదివారం పన్నెండింటికి లౌటోకాలో ఉండాలంటే శుక్రవారం పొద్దున్నే బయల్దేరాలి. శుక్రవారం ఆమెకి ఆఫీసు.

"పోనీ ఇంటికి అరగంట," అన్నాను.

"మీ అత్త ఇంట్లో అరగంటా? ఆవిడ మీ మొహం చూసి చిక్కిపోయావని ఏడవడానికే అరగంట పడుతుందండీ."

"ఉత్తరం వైపు కింగ్స్ రోడ్డు మీంచి వెళ్తే?"

"వెళ్లొచ్చు. అటు మా వాళ్లవి పద్నాలుగిళ్లు."

కింగ్స్ రోడ్డు ఆలోచన అక్కడితో పోయింది. తెల్లవారుజామున చీకట్లోనే అందరి ఇళ్లూ దాటేద్దామంటే, నవువాలో జస్వంతి అత్త మూడున్నరకే లేచి వరండాలో కూర్చుంటుంది. ఇంకొకళ్ల కారు అడుగుదామంటే, అడిగిన రెండో నిమిషంలో ఎందుకని అడుగుతారు. మా కారులోనే వెళ్దామంటే, అది లేత ఆకుపచ్చ రంగుది, వెనక అద్దం మీద రాజ్‌మతి అంటించిన చిలక బొమ్మ. క్వీన్స్ రోడ్డు మీద ఆవులు కూడా దాన్ని గుర్తుపడతాయి.

ఎవరికీ చెప్పకుండా ఉంటే సరిపోయేది కదా అంటారా? మీరెంత అమాయకులండీ! రాజ్‌మతి బుధవారం నాడు వాళ్ల అక్కకి ఒక్క మాట చెప్పింది, అదీ ఎవరికీ చెప్పద్దని ఒట్టు వేయించుకుని. గురువారం పొద్దున్నే నవువా నుంచి ఫోన్.

"ఒరేయ్ ధర్మేన్! ఆదివారం వస్తున్నావటగా! బాతుని చూసి ఉంచాను."

"అత్తా, మేం కాస్త తొందరలో..."

"తొందరేముందిరా? రోడ్డు ఎక్కడికీ పోదు. ఆదివారం పొద్దున్నే కోస్తాను, వేడివేడిగా తిందువుగాని."

ఆదివారం నాకోసం ప్రాణం వదలబోయే బాతు ఒక్కటే కాదు. శనివారం సాయంత్రానికి లెక్క తేలింది: రెండు బాతులు, నాలుగు కోళ్లు, ఒక మేక కాలు. ఇంత ప్రేమ ఏ దేశంలో దొరుకుతుంది చెప్పండి? నేను మార్కెట్టుకెళ్లి గ్రోగ్ కట్టలు ఏడు తెచ్చి డిక్కీలో పేర్చాను. ఇంటికొచ్చి క్యాలెండర్ వెనక గీసిన రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాను. ఎటు కలిపినా పన్నెండింటికి నందీ దాటడం లేదు.

"మనం ఎక్కడా ఆగడం లేదు," అంది రాజ్‌మతి.

"నీకు మతి పోయిందా? ఆ కాలమ్ రాసింది నేనే!"

"రాసింది మీరే. కోల్పోయింది కూడా మీరే. ఏడిళ్లవాళ్లు రేపు తిట్టి ఎల్లుండి మాట్లాడతారు. మీ అన్న సంగతి చెప్పండి."

లేచి వెళ్లి కారులో పెట్రోలు ఉందో లేదో చూసొచ్చాను.

ఆదివారం ఏడున్నరకి బయల్దేరాం. ఇక్కడ మన రోడ్ల శాఖని మనసారా అభినందించాలి. ప్రతి ఊరి మొదట్లో, చివర్లో స్పీడ్ బ్రేకర్లు వేశారు. పిల్లల క్షేమం కోసమని అంటారు గానీ, నేను నమ్మను. అవి చుట్టాల కోసం వేసినవి. ఎంత స్పీడుగా వచ్చినవాడైనా సరిగ్గా మేనత్త గుమ్మం ముందు నడిచే వేగానికి దిగాలి. దొంగ కూడా అంత నెమ్మదిగా పారిపోడు!

నవువాలో జస్వంతి అత్త వరండాలో నిలబడి ఉంది. మా చిలక బొమ్మని చూసి రెండు చేతులూ ఎత్తింది. మేం స్పీడ్ బ్రేకర్ ఎక్కాం. ఆవిడ మెట్లు దిగింది. మేం స్పీడ్ బ్రేకర్ దిగాం. నేను ముందుకే చూస్తున్నాను. "చేతిలో గరిటె ఉందండీ," అంది రాజ్‌మతి, వెనక్కి చూసి.

కోరొలేవు దాటాక ఇలైతియా రోడ్డు పక్కనే పైనాపిల్స్ అమ్ముకుంటూ కూర్చుని ఉంటాడు. మాకిద్దరికీ ఒకే బెంచీ మీద చదువు, చిన్నప్పట్నుంచీ బావా అంటే బావా. స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు పక్కనే నడవడం మొదలుపెట్టాడు.

"ఆపు బావా!"

"ఆపలేను బావా."

"బ్రేకులు పోయాయా?"

"బ్రేకులు బాగానే ఉన్నాయి. అన్న దగ్గరికి వెళ్తున్నాను. పన్నెండింటికి ఉండాలి."

"ఏ అన్న? ఆగకుండా పోయాడని నువ్వు పేపర్లో ఉతికేసిన అన్నేనా?"

"ఆయనే."

ఇలైతియా నడవడం ఆపి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఊరంతా వినబడేలా నవ్వాడు. మళ్లీ పరిగెత్తుకొచ్చి కిటికీలోంచి ఒక పైనాపిల్ నా ఒళ్లో పడేశాడు. "పో బావా, పో! నీ లైసెన్సు జాగ్రత్త!" అన్నాడు.

సింగటోకాలో రాజ్‌మతి సీట్లో కిందికి జారి కూర్చుంది. వాళ్ల అక్క మాత్రం కారుని చూసింది. నందీ ముందు నాలుగిళ్ల సంగతి నేను రాయను. అందులో ఇద్దరు ఈ కాలమ్ చదువుతారు.

పదకొండూ యాభై ఎనిమిదికి అన్న ఇంటి ముందు కారాపాను. గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. జుట్టంతా తెల్లబడిపోయింది. నన్ను చూశాడు, తల తిప్పి గోడ గడియారం చూశాడు.

"రా. చెయ్యి కడుక్కో."

వదిన పప్పు, రోటీ, బాతు కూర వడ్డించింది. అన్నే అడిగాడు.

"ఎన్నింటికి బయల్దేరారు?"

"ఏడున్నరకి."

"ఏడున్నరకి బయల్దేరి పన్నెండింటికి వచ్చారా? అత్త దగ్గర ఆగలేదూ?"

"లేదు."

"రాజ్‌మతి వాళ్ల అక్క దగ్గర?"

"లేదన్నా."

"మొత్తం ఎన్నిళ్లు దాటావు?"

"ఏడు."

అన్న రోటీ తుంచి పప్పులో ముంచాడు. "నేను ఒక్కటే దాటాను," అన్నాడు.

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అన్నాడు. పదకొండేళ్ల కిందట ఫోన్లో అడగాల్సిన మాట అప్పుడు అడిగాను.

"ఆ రోజు సువా ఎందుకొచ్చావన్నా?"

వదిన చెప్పింది. "నా రిపోర్టుల కోసం. ఇక్కడ నాకు ఒళ్లు తెలియని జ్వరం. పక్కింటావిణ్ణి నా దగ్గర కూర్చోబెట్టి పొద్దున బస్సుకి వెళ్లారు, అవి తీసుకుని మధ్యాహ్నం బస్సుకే వచ్చేశారు."

"మరి నాకు చెప్పలేదేం?"

"టైము లేదని చెప్పాగా," అన్నాడు అన్న. "ఎందుకని నువ్వు అడగలేదు."

అంతలో నా ఫోన్ మోగింది. నవువా. ఎత్తగానే అందరికీ వినబడేంత గొంతు.

"ఒరేయ్ ధర్మేన్! నవువాలో నీకు మేనత్త లేదనుకున్నావా?"

అన్న ఎంగిలి చెయ్యి పక్కకి పెట్టి, ఎడం చేత్తో నా ఫోన్ తీసుకున్నాడు.

"అత్తా, నేను సురుజ్‌ని. వాణ్ణేమీ అనకు. వాడికి టైము లేదు."

భోజనాలయ్యాక డిక్కీలోంచి ఏడు కట్టలూ తెచ్చి ఆయన ముందు పెట్టి, తప్పయిపోయిందన్నాను. అన్న ఒక్క కట్ట తీసుకుని మిగతా ఆరూ నా వైపు తోశాడు. "తిరిగి వెళ్లాలిగా," అన్నాడు. రాజ్‌మతి మళ్లీ క్యాలెండర్ తిప్పింది. ఇళ్లు ఏడు, కట్టలు ఆరు. అత్తకి పైనాపిల్ ఇద్దామని ప్రస్తుతానికి అనుకుంటున్నాం. ఈ కాలమ్ అన్న వరండాలో కూర్చునే రాస్తున్నాను, ఆయన గ్రోగ్ పిసుకుతున్నాడు. కాబట్టి పాఠకులారా, రోడ్డు పక్కన చుట్టాలుండటం వరమే. ఆ మాట నేను వెనక్కి తీసుకోను.

సవరణ: పదకొండేళ్ల కిందట ఈ కాలమ్‌లో "అయినవాళ్ల ఇల్లు దాటిపోయేవాడికి లైసెన్సు ఇవ్వకూడదు" అని అచ్చయింది. దాన్ని "ఎందుకు దాటావని అడగకుండా పెట్టేసేవాడికి ఫోన్ ఇవ్వకూడదు" అని చదువుకోగలరు. పొరపాటు రచయితది.