అప్పన్న పేరిట కీరా పుల్లలు

బచేలీ ఇనుప గనుల కాలనీలో తాతబాబుకి ఇంకో పేరుంది, తర్వాతబాబు. గనిలో డంపర్ ఇంజను మొరాయిస్తే క్షణం ఆలస్యం చెయ్యకుండా విప్పి బిగించే మనిషి, ఇంట్లో ఏ పని చెప్పినా మాత్రం "తర్వాత" అంటాడు. కుళాయి కారుతోందంటే తర్వాత. ఫ్యాను కిర్రుమంటోందంటే తర్వాత. ఆ తర్వాతలన్నిటిలోకీ పాతది సింహాచలం.

విజయనగరం వైపు నుంచి వచ్చిన సంసారం. ఇంటి దేవుడు సింహాద్రి అప్పన్న. ఏడాది పొడుగునా చందనం పూతలో ఉండే స్వామి, వైశాఖంలో ఒక్కరోజు నిజరూపం చూపిస్తాడు. ఆ చందనోత్సవానికి తీసుకెళ్ళమని భార్య సంతోషకుమారి పెళ్ళైన కొత్తలోనే అడిగింది. పోనీ నువ్వెళ్ళి రా అంటే ఒంటరిగా వెళ్ళనంటుంది. రైలుంది, సెలవులున్నాయి, దేవుడున్నాడు. ఎండలో ఆ క్యూ తలుచుకుంటేనే తాతబాబుకి మోకాళ్ళు లాగుతాయి.

అలాగని అతనికి భక్తి లేదనడానికి వీల్లేదు. స్నానం చేసి దీపం పెట్టందే కాఫీ ముట్టడు. కొండ మీదున్న స్వామే మన గూట్లోనూ ఉన్నప్పుడు, అంత జనంలో తోసుకుంటూ వెళ్ళి ఆయన్ని ఇబ్బంది పెట్టడం దేనికని అతని సందేహం. సందేహం న్యాయమైనదే. అది ఏటా సరిగ్గా టికెట్లు తియ్యాల్సిన వేళకే పుడుతుందేమిటని సంతోషకుమారి సందేహం. అదీ న్యాయమైనదే.

ఈ వేసవిలో వాళ్ళ వీధివాళ్ళంతా కలిసి శనివారం సాయంత్రం పార్టీ పెట్టుకున్నారు. ఇంటికో వంటకం తేవాలి, అదీ మగవాళ్ళే చెయ్యాలి. మిగతా మగవాళ్ళు కంగారు పడుతుంటే తాతబాబు ఫోనులో ఒక వీడియో చూసి మంచం మీంచి లేచి కూర్చున్నాడు. కీరా దోసకాయ, టమాటా, పనీరు, అనాసపండు ముక్కలు కోసి వరసగా పుల్లకి గుచ్చడం. అంతే. పొయ్యి వెలిగించే పని లేదు, పోపు మాడే భయం లేదు. అతని బుర్రలో వంటతో పాటు ఒక ఉపాయం కూడా తయారైపోయింది.

"పార్టీకి నేనే చేస్తాను. నువ్వు సాయం పట్టక్కర్లేదు," అన్నాడు. "నా పళ్ళెం ఖాళీ అయిందంటే ఈ ఏడాది సింహాచలం ఊసెత్తకూడదు."

"అవకపోతే?"

"కిక్కురుమనకుండా వచ్చి క్యూలో నిలబడతాను."

"ఇంతకీ ఏటి చేస్తారు?"

"ముక్కలకి పుల్లలు పెడతాను."

"అదైతే బాగా చేస్తారు. పెళ్ళైన దగ్గర్నుంచీ మా అన్నదమ్ముల మధ్య పెడతానే ఉన్నారు గదా," అంది సంతోషకుమారి. పందెం కుదిరిపోయింది.

పుల్లల కోసం తాతబాబు సంతకి పరిగెత్తాడు. అక్కడ సుక్కి అనే ఆవిడ విస్తరాకులు కుట్టి అమ్ముతుంది. ఆకుల్ని కుట్టే వెదురు పుల్లలే కాస్త లావుగా, పొడుగ్గా చీల్చి ఇమ్మని అడిగాడు. వీటిని ఏమంటారని హిందీలో అడిగితే "సీంక్" అందామె. దేనికని అడిగింది. కూరగాయలు గుచ్చి తినడానికని చెప్తే, చేతులుండగా ఇదేం కష్టమని పడీపడీ నవ్వింది. తాతబాబు పట్టించుకోలేదు. కొత్త పనులు చేసేవాణ్ణి చూసి లోకం ముందు నవ్వుతుందని అతనికి తెలుసు.

సంత నుంచి ఇంటికి వచ్చేలోపు ఆ సీంకులో సున్నా ఎక్కడో దారిలో జారిపోయింది. ఆ ఉత్సాహంలో వీధి గ్రూపులో అందరికీ అర్థమయ్యేలా హిందీలో మాట రికార్డు చేసి పెట్టాడు. శనివారం తాతబాబు తరఫున సీక్, మధ్యాహ్నం ఎవరూ కడుపు నింపుకోకండి, అని. సలాడ్ అన్న మాట కావాలనే దాచాడు. చూసి ఆశ్చర్యపోవాలని.

సీక్ అంటే ఆ వీధికి తెలిసింది ఒక్కటే, నిప్పుల మీద కాల్చిన మేకమాంసం కబాబు.

శనివారం తాతబాబు వంటిల్లంతా వర్క్‌షాపు చేసేశాడు. స్కేలు పెట్టి కీరా కోశాడు. ఒక టమాటా మిగతావాటికన్నా లావుగా ఉందని పక్కన పడేశాడు. ఎర్రన, తెల్లన, పచ్చన చూసుకుని, రంగు కుదర్లేదని ప్రతి పుల్లకీ నడిమధ్య ఒక ఉల్లిపాయ ముక్క కూడా గుచ్చాడు. పెద్ద పళ్ళెంలో పేర్చి చూసుకుంటే తన పెళ్ళిచూపుల్లో కూడా అంత సంబరం కలగలేదనిపించింది. ఆ మాట పైకి అనలేదు.

సాయంత్రం వీధిలో టెంటు వేశారు, రంగు దీపాలు కట్టారు. ఎదురు క్వార్టరు శ్యామ్‌ప్రసాద్ అందరికన్నా ముందు వచ్చి పళ్ళెం పక్కనే కుర్చీ వేసుకున్నాడు. మద్దేడ్ ఊరి మనిషి, మాట కరుకు, ఆకలి ఎక్కువ. పొద్దుటి నుంచీ మంచినీళ్ళ మీదే ఉన్నాడట. ఇటు చివరింటి స్వర్ణకుమారి పిన్నిగారు, శనివారం నీచు వాసన కూడా తగలకూడదని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని ఆ చివరెక్కడో కూర్చుంది. ఆవిడ వెనక శనివారం పట్టేవాళ్ళంతా కూర్చున్నారు. శ్యామ్‌ప్రసాద్ వెనక పట్టనివాళ్ళంతా నిలబడ్డారు.

తాతబాబు పళ్ళెం మీద కప్పిన గుడ్డ తీశాడు.

శ్యామ్‌ప్రసాద్ పళ్ళెంలోకి చూశాడు. వంగి పళ్ళెం కింద కూడా చూశాడు. "ఏందన్నా ఇది? మేక ఏది?"

"మేకేంటి?"

"సీక్ అన్నవు గదా."

"సీకే గదయ్యా ఇది. సీంకు. అంటే పుల్ల."

"మేక తినే మేతను పుల్లకు గుచ్చి, మేకను ఇంటికి తోలినవా అన్నా," అన్నాడు శ్యామ్‌ప్రసాద్ నీరసంగా. అతని వెనక ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే పకోడీల వైపు కదిలారు.

తాతబాబు పళ్ళెం ఎత్తుకుని స్వర్ణకుమారి పిన్నిగారి దగ్గరికి పరిగెత్తాడు. అంతా కాయలూ పళ్ళేనని ఒట్టు వేశాడు. ఆవిడ కొంగు తియ్యలేదు. సీక్ అని చెప్పి కీరా తెచ్చిన మనిషి, కీరా అని చెప్పి ఏం తెచ్చాడోనని ఆవిడ భయం. పనీరు ముక్క మీద వేలు చూపించి ఇది ఏ జంతువుదని కూడా అడిగింది. ఎంత విడమరిచి చెప్తే అంత అనుమానం పెరిగింది.

వేడికి కీరా చెమర్చింది. పనీరు వాలిపోయింది. సంతోషకుమారి మాత్రం విసనకర్ర ఊపుకుంటూ, మజ్జిగ తాగుతూ, నిండు పళ్ళెం వంక కొండ మీది గోపురాన్ని చూసినట్టు చూస్తోంది.

ఆ చూపుకే తాతబాబుకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. తెలుగువాడు దేన్నైనా వద్దంటాడు గానీ ప్రసాదాన్ని వద్దనడు.

పళ్ళెంతో ఇంట్లోకి దూకాడు. దేవుడి గూటి ముందు పెట్టి గంట అందుకునేసరికి ఉల్లిపాయ గుర్తొచ్చింది. ఉల్లి నైవేద్యానికి పనికిరాదు. పైగా నడిమధ్య గుచ్చాడు. మిగతా ముక్కలు తీసి, ఉల్లి పీకి, మళ్ళీ గుచ్చి, ఒక్కొక్క పుల్లా సరిచేసేసరికి కళ్ళు ధారలు కట్టాయి. చేతులు కడుక్కుని, దీపం వెలిగించి, పళ్ళెం స్వామికి చూపించాడు. ఉత్తుత్తి ప్రసాదమని పంచితే పాపం. నిజంగానే నివేదించాడు కాబట్టి పాపం కాదు. అలా అనుకున్నాడు గానీ, ఫోటోలో అప్పన్న కళ్ళలోకి మాత్రం సూటిగా చూడలేదు.

గంట వాయిస్తూ బయటికి వచ్చాడు. "సింహాద్రి అప్పన్న ప్రసాదం," అన్నాడు కారుతున్న కళ్ళతోనే.

వీధి మొత్తం లేచి నిలబడింది. చెప్పులు విడిచారు. స్వర్ణకుమారి పిన్నిగారు కొంగు తీసి, కుడిచెయ్యి కింద ఎడమచెయ్యి పట్టింది. శ్యామ్‌ప్రసాద్ పుల్లని కళ్ళకద్దుకుని తిని, స్వామి ఏమీ అనుకోడని ఇంకోటి పట్టుకెళ్ళాడు. పకోడీల దగ్గరివాళ్ళు చేతులు కడుక్కుని మరీ వచ్చారు. చూస్తుండగానే పళ్ళెం అడుగు తళతళలాడింది.

తాతబాబు ఖాళీ పళ్ళేన్ని భార్య ముందు అటూ ఇటూ తిప్పి చూపించాడు.

ఈలోగా స్వర్ణకుమారి పిన్నిగారు దగ్గరికి వచ్చి అతని మొహంలోకి చూసింది. "అంతలా ఏడ్సేసేవేటి బాబూ? అప్పన్నకి ఏటి మొక్కుకున్నావు?"

ఉల్లిపాయ అని చెప్తే నైవేద్యంలో ఉల్లి అంటారు. మొక్కు లేదంటే దేవుడి పేరు చెప్పి కీరా వదిలించుకున్నాడంటారు. సంతోషకుమారి విసనకర్ర ఆపింది.

"పిన్ని అడుగుతున్నారు గదండీ," అంది మెత్తగా. "మొక్కేటో చెప్పండి. అబద్ధమాడినా సరే నేను కాదనను. అయితే ఇప్పుడే ఆయన పేరు చెప్పి పంచారు, చూసుకోండి."

వీధంతా వింటోంది. ఆ పందెం తామిద్దరి మధ్యే అనుకున్నాడు గానీ, మూడో ఆసామి కూడా ఆడుతున్నాడని తాతబాబుకి అప్పుడు తోచింది.

"చందనోత్సవానికి వస్తానని," అన్నాడు నేల చూస్తూ.

ఆడవాళ్ళంతా ఒక్కసారి "సింహాద్రి అప్పన్నకీ" అంటే మగవాళ్ళు "జై" అన్నారు. శ్యామ్‌ప్రసాద్‌కి హుషారు వచ్చేసింది. అన్న మొక్కు ఆలస్యం కాకూడదని అక్కడికక్కడే ఫోను తీసి రైలు చూశాడు. ఒక బెర్తు బుక్ చేసేస్తున్నానన్నాడు.

"ఒకటేనా?" తాతబాబు గాభరాగా భార్య వైపు తిరిగాడు.

"పందెం మీరు గెలిచారు. నేను సింహాచలం ఊసెత్తకూడదు," అంది సంతోషకుమారి. "మొక్కు మీది. వెళ్ళి రండి."

ఒంటరి ప్రయాణం కళ్ళ ముందు కదిలింది. పులిహోర పొట్లం కట్టేవాళ్ళుండరు, క్యూలో చెంబుడు నీళ్ళు అందించేవాళ్ళుండరు, మోకాలు లాగితే చెప్పుకోవడానికి మనిషుండదు. స్వామి నిజరూపం చూపించినా, చూశావా అని పక్కకి తిరగడానికి పక్కన ఎవరుంటారు? ఇన్నేళ్ళూ ఆవిడ ఒంటరిగా వెళ్ళనన్నది ఇందుకేనేమో.

"నువ్వు కూడా రా, సంతోషం," అన్నాడు చిన్నగా.

"వినపడలేదండీ."

శ్యామ్‌ప్రసాద్ ఫోను పట్టుకుని, ఒకటా రెండా చెప్పమని తొందర పెడుతున్నాడు. పందెం గెలిచిన తాతబాబు ఖాళీ పళ్ళెం చంకలో పెట్టుకుని, వీధంతా చూస్తుండగా, ఓడిపోయిన భార్యని సింహాచలం రమ్మని గొంతెత్తి బతిమాలడం మొదలుపెట్టాడు. ఆవిడ ఇంకో గ్లాసు మజ్జిగ పోసుకుంది.