ఊడిన కమ్మీకి జేజేలు

బొమ్మ రైలింజను నుంచి ఏదో ఒకటి ఊడిపడని ఇల్లు అసలు ఇల్లే కాదని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

మా మామగారు ఇరవై రెండేళ్లు డీజిల్ ఇంజను నడిపిన మనిషి. ఆయన డెబ్బయ్యో పుట్టినరోజుకని, ఆయన నడిపిన రకం ఇంజనునే జానెడు బొమ్మగా తెప్పించాను. హారన్లు, వైపర్లు, మెట్లు, అన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి. పెట్టెలో ఒక కాగితం కూడా ఉంది: ‘బయటికి పొడుచుకొచ్చిన భాగాలను పట్టుకోరాదు.’ పొడుచుకురాని భాగం ఎక్కడుందో మాత్రం రాయలేదు.

ఎలా ఎత్తాలో తెలియక ఎలాగో ఎత్తాను. టిక్కుమంది. డ్రైవరు పైకెక్కేటప్పుడు పట్టుకునే కమ్మీ, వెంట్రుకంత మందం, గోరంత పొడవు, ఎగిరి ఎటో పోయింది.

ఇక చూడండి దాని మహిమ! వంగి వ్యాయామం చెయ్యమని డాక్టరు ఏడాదిగా మొత్తుకున్నా కదలని నా నడుము, ఆ ఒక్క పూటలో నలభైసార్లు వంగింది. ఏ చెవిదిద్దు పోయిందని పనిమనిషిని అనుమానించి మాన్పించామో, అది సోఫా కింద దొరికింది. పనిమనిషి మాత్రం తిరిగి దొరకలేదు.

మా ఆవిడ వాక్యూమ్ క్లీనర్ మూతికి నా పాత సాక్సు తొడిగి గదంతా లాగింది. సాక్సు విప్పి, వెతికి వెతికి, ఒకటి పైకెత్తింది.

“ఇదేనా?”

“అది నా గోరు.”

“విప్పకుండా పెట్టెతో ఇచ్చేస్తే మీ సొమ్మేం పోయేదండీ?”

పెళ్లయ్యాక మేమిద్దరం మోకాళ్ల మీద కూర్చుని, ఇంత మనసు విప్పి మాట్లాడుకున్నది ఎప్పుడు చెప్పండి?

కంపెనీకి ఫోన్ చేశాను.

“పోయిన పార్టు ఫోటో పంపండి సార్,” అంది అమ్మాయి.

“అది పోయిందమ్మా.”

“అర్థమైంది సార్. ఫోటో మాత్రం క్లియర్‌గా ఉండాలి.”

ఖాళీ నేలను క్లియర్‌గా తీసి పంపాను. రెండో రోజే జవాబు వచ్చింది: ‘స్టాకులో లేదు.’ రెండే రోజులు! మనిషిని ఆశల్లో నానబెట్టకుండా తేల్చేసే ఇలాంటి సంస్థలు ఇంకెన్ని ఉన్నాయి?

మామగారి కంటికి బోల్టు తేడా కూడా దొరికిపోతుంది. పదిమందిలో ఆయన పెదవి విరిస్తే అల్లుడిగా నా పరువేం కాను? గుండుసూదిని వంచి, జిగురు రాసి అతికించబోయాను. అది నా వేలిని వదల్లేదు, ఇంజనును ముట్టలేదు.

చివరికి పుట్టినరోజునాడు, ఆ చోటును బొటనవేలితో కప్పి ఇంజనును అందించాను. మామగారు కళ్లజోడు తుడుచుకున్నారు. నా వేలిని మెల్లగా పక్కకు జరిపారు. చాలాసేపు చూశారు.

“చేసినవాడెవడో గాని భలే పట్టాడు అల్లుడూ. నా బండికీ ఈ పక్క కమ్మీ లేదు.”

నేను తేరుకుని, “లేకుండా ఎలా ఎక్కేవారు మామయ్యగారూ?” అన్నాను.

“తలుపు పట్టుకుని. దిగిన ప్రతిసారీ రిపేర్ల బుక్కులో రాసేవాణ్ణి. ఆరేళ్లు రాశాను. స్టాకు లేదనేవాళ్లు. ఓ వానలో మెట్టు మీద జారి మోకాలు చితికింది. ఆ వారమే మార్చేశారు.”

“కమ్మీనా?”

“డ్రైవర్ని. డ్రైవర్లకి స్టాకు కొరత ఎప్పుడుందయ్యా?”